లెక్కలలో వెలిగిన దీపం

పాఠ్య నేపథ్యం

ఫ్లారెన్స్ నైటింగేల్ అనగానే చేతిలో దీపంతో రోగుల పడకల మధ్య నడిచే సేవామూర్తి మన కన్నులముందు మెదులుతుంది. ఆ రూపం సత్యమే కాని సంపూర్ణం కాదు. ఆమె చేతిలో దీపంతోపాటు లెక్కల పుస్తకం కూడా ఉండేది. ఒకే కాగితంపై రెండు పటాలను పక్కపక్కన నిలిపి, అవి చూసినవారి చేత ఒక సామ్రాజ్యపు సైనిక వైద్య విధానాన్నే మార్పించిన మేధావిని ఆమె. సముద్రాల ఆవలనున్న మన కృష్ణాతీరపు కరువు పొలాల వరకు ఆమె చింతన ప్రసరించింది. కరుణకు గణితం తోడైతే ఎంతటి మేలు జరుగుతుందో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఫ్లారెన్స్ నైటింగేల్ 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో జన్మించింది. పుట్టిన ఊరి పేరే ఆమెకు పేరయింది. తల్లిదండ్రులు ఫ్రాన్సెస్, విలియం ఎడ్వర్డ్ నైటింగేల్. వారు ఇంగ్లండుకు చెందిన సంపన్న కుటుంబీకులు. తండ్రి విద్యావంతుడు, ఉదారుడు. ఆయన తన కుమార్తెలిద్దరికీ స్వయంగా గ్రీకు, లాటిన్ భాషలను, చరిత్రను, తత్త్వశాస్త్రాన్ని బోధించాడు. అక్క పార్థినోపికి చిత్రలేఖనంపై మక్కువ ఎక్కువ. ఫ్లారెన్స్ మనస్సు మాత్రం అంకెల చుట్టూ తిరిగేది. ఆడపిల్లకు గణితమెందుకని ఇంట అభ్యంతరాలు వచ్చినా ఆమె పట్టుబట్టి ఆ విద్యను అభ్యసించింది. చూసిన ప్రతి విషయాన్నీ లెక్కించి, వరుసలుగా పేర్చి రాసుకోవడం ఆమెకు బాల్యం నుండి అలవాటు.

పదిహేడవ ఏట ఆమె హృదయంలో సేవాసంకల్పం అంకురించింది. ఆనాడు ఇంగ్లండులో రోగులకు పరిచర్య చేయడం గౌరవప్రదమైన వృత్తి కాదు. ఉన్నత కుటుంబంలోని కన్య ఆసుపత్రిలో పనిచేయడమంటే కుటుంబ ప్రతిష్ఠకు భంగమని తల్లి భావించింది. ఏళ్ళ తరబడి ఇంటిలో సంఘర్షణ సాగింది. తనను కోరి వచ్చిన వివాహాన్ని సైతం ఆమె నిరాకరించింది. చివరకు జర్మనీలోని కైసర్‌స్వెర్త్‌లో రోగి సేవలో శిక్షణ పొంది, 1853లో లండన్‌లోని ఒక చిన్న ఆసుపత్రి నిర్వహణ బాధ్యతను స్వీకరించింది.

ఆ కాలంలోనే క్రిమియా యుద్ధం వచ్చిపడింది. బ్రిటన్, ఫ్రాన్స్, తుర్కీ ఒక పక్షాన, రష్యా మరొక పక్షాన నిలిచి పోరాడాయి. గాయపడిన బ్రిటిష్ సైనికులను నల్లసముద్రం దాటించి, కాన్‌స్టాంటినోపుల్ ఎదుటనున్న స్కుటారికి చేర్చేవారు. అక్కడి దుస్థితిని వార్తాపత్రికలు లోకానికి వెల్లడించాయి. యుద్ధ వ్యవహారాల మంత్రి సిడ్నీ హెర్బర్ట్ కోరగా, నైటింగేల్ 38 మంది పరిచారికలతో బయలుదేరి 1854 నవంబరు 4న స్కుటారి చేరింది.

స్కుటారిలోని ఆసుపత్రి నిజానికి ఒక సైనిక శిబిర భవనం. వేలాది రోగులు నేలపై వరుసలుగా పడి ఉండేవారు. పరుపులు లేవు, మార్చుకునేందుకు వస్త్రాలు లేవు. భవనం కింద మురుగు కాలువలు పూడిపోయి దుర్గంధం వెదజల్లేవి. నైటింగేల్ రేయింబవళ్ళు శ్రమించింది. వంటశాలను, చాకిరేవును ఏర్పాటు చేయించింది. కావలసిన సామగ్రిని కొనిపించింది. రాత్రివేళ దీపం పట్టుకొని ఒక్కొక్క రోగినీ పలకరించింది. సైనికులు ఆమెను దేవతగా భావించారు.

అయినా మరణాలు ఆగలేదు. ఆమె వచ్చిన తరువాతి శీతకాలంలో అవి మరింత పెరిగాయి. 1855 ఫిబ్రవరిలో ఆ ఆసుపత్రిలో మరణాల రేటు నూటికి 42ను దాటింది. ఆప్యాయత ఉన్నది, అంకితభావం ఉన్నది, అయినా ప్రాణాలు నిలవలేదు. మార్చి నెలలో ప్రభుత్వం పంపిన పారిశుద్ధ్య సంఘం అక్కడికి చేరింది. వైద్యుడైన జాన్ సదర్లాండ్, ఇంజనీరైన రాబర్ట్ రాలిన్‌సన్ అందులో ముఖ్యులు. వారు మురుగు కాలువలను కడిగించారు, నీటి వనరులను శుభ్రపరిపించారు, గదులలోకి గాలి ప్రసరించే ఏర్పాటు చేయించారు. జూన్ నాటికి మరణాల రేటు నూటికి 2 ప్రాంతానికి దిగింది.

1856లో యుద్ధం ముగిసింది. నైటింగేల్ ఆగస్టులో స్వదేశానికి తిరిగివచ్చింది. దేశమంతా ఆమెకు నీరాజనం పట్టేందుకు సిద్ధంగా ఉన్నా ఆమె సన్మానాలను స్వీకరించలేదు. ఆమె మనస్సును ఒకే ప్రశ్న దహించివేస్తూ ఉండేది. ఆ యుద్ధంలో వ్యాధులకు బలియైన బ్రిటిష్ సైనికులు సుమారు 16 వేల మంది. శత్రువు ఆయుధాలకు బలియైనవారు 5 వేలకు లోపే. ఇంతమంది యువకులు ఎందుకు మరణించారు? ఈ కారణాన్ని గుర్తించకపోతే రేపటి సైనికులు కూడా అదే విధంగా మరణించరా? యుద్ధంలో క్రిమియా జ్వరం బారినపడి క్షీణించిన శరీరంతో, చాలాకాలం మంచానికే పరిమితమై ఉంటూ కూడా ఆమె ఈ అన్వేషణను మానలేదు.

ఈ అన్వేషణలో ఆమెకు తోడుగా నిలిచినవాడు విలియం ఫార్. ఆయన ఇంగ్లండులో జనన మరణాల నమోదు కార్యాలయంలో పనిచేసిన గొప్ప గణాంక నిపుణుడు. సైనిక కార్యాలయాలలో లెక్కలకు కొదవ లేదు. అయితే ఒక్కొక్క శాఖ ఒక్కొక్క తీరున రాసుకున్నది. ఒక చిట్టాకు మరొక చిట్టాకు పొంతన లేదు. వారిద్దరూ వాటిని సరిచూసి, నెలనెలకు సైన్యంలో ఎందరున్నారు, ఎందరు ఏ కారణం చేత మరణించారు అన్నవి ఒక క్రమంలో పేర్చారు.

ఇక్కడ ఆమె పాటించిన జాగ్రత్త ఒకటి గమనించదగినది. 1855 జనవరిలో సైన్యం సంఖ్య 32,393. ఆ నెలలో అంటువ్యాధులతో మరణించినవారు 2,761 మంది. గాయాలతో 83 మంది, ఇతర కారణాలతో 324 మంది మరణించారు. 1856 మార్చిలో సైన్యం సంఖ్య 46,140కి పెరిగింది. అంటువ్యాధులతో మరణించినవారు 15 మంది మాత్రమే. గాయాలతో ఒక్కరూ మరణించలేదు. సైన్యం సంఖ్య నెలనెలకు మారుతూ ఉంటే మరణాల సంఖ్యలను మాత్రమే పోల్చడం న్యాయం కాదు. అందువల్ల ఆమె ప్రతి నెల మరణాలను వెయ్యిమందికి సంవత్సరానికి ఎందరన్న రేటులోకి మార్చింది. ఆ లెక్కన 1855 జనవరిలో అంటువ్యాధుల మరణాల రేటు వెయ్యికి 1,022. అంటే అదే స్థితి ఏడాదిపాటు కొనసాగి ఉంటే, మరణించినవారి స్థానంలో కొత్తవారిని నింపుతూ పోయినా, ఒక సైన్యానికి సైన్యమే నశించి ఉండేదన్నమాట. 1856 మార్చిలో ఆ రేటు వెయ్యికి 4 కూడా లేదు.

సత్యం పట్టికలలో ఉన్నది. కాని పట్టికలను ఎవరు చదువుతారు? మంత్రులకు తీరిక ఉండదు, పార్లమెంటు సభ్యులకు ఓపిక ఉండదు. అంకెల అడవిలో పడి సత్యం మరుగునపడిపోతుందని నైటింగేల్ గ్రహించింది. చెవికెక్కని మాటను కంటికి కట్టినట్లు చూపాలని నిశ్చయించుకున్నది. 1858లో వెలువడిన ఆమె నివేదికలలోని రంగుల పటాలు ఈ నిశ్చయం నుండి పుట్టినవే.

వాటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది తూర్పున పోరాడిన సైన్యంలోని మరణ కారణాలను తెలిపే పటం. ఒకే కాగితంపై రెండు చక్రాలు పక్కపక్కన ఉంటాయి. ఒక్కొక్క చక్రంలో 12 నెలలకు 12 రేకులు. ప్రతి రేక కోణమూ సమానమే. మరణాల రేటు పెరిగితే రేక వెలుపలికి విస్తరిస్తుంది, తగ్గితే లోపలికి ముడుచుకుంటుంది. నివారించదగిన అంటువ్యాధులకు నీలి రంగు, గాయాలకు ఎరుపు, తక్కిన కారణాలకు నలుపు వాడింది. కుడివైపు చక్రం 1854 ఏప్రిల్ నుండి 1855 మార్చి వరకు, ఎడమవైపు చక్రం 1855 ఏప్రిల్ నుండి 1856 మార్చి వరకు. రెండింటినీ ఒక చుక్కల గీత కలుపుతుంది.

ఆ పటం చూసినవారికి రెండు విషయాలు క్షణంలో తెలిసిపోతాయి. నీలి రంగు ముందు ఎరుపు రంగు ఎంత స్వల్పమో కనిపిస్తుంది. అంటే సైనికులను చంపింది శత్రువు తుపాకి కాదు, మురికి. ఇక రెండవది, కుడివైపు చక్రం ఎంత భయంకరంగా విస్తరించిందో ఎడమవైపు చక్రం అంతగా కుంచించుకుపోయింది. ఆ రెండు సంవత్సరాలను విడదీసే గీత సరిగా పారిశుద్ధ్య సంఘం పని ప్రారంభించిన కాలం వద్ద పడింది. 24 నెలలను ఒకే వరుసలో గీసి ఉంటే చూపరి కన్ను ఎత్తుపల్లాల వెంట పరుగెత్తేది. రెండుగా విభజించి ఎదురెదురుగా నిలపడం వల్ల పోలిక తప్పనిసరి అయింది.

పటాలను పక్కపక్కన ఉంచడం చూడటానికి సులభమైన పనే. కాని దానికి కొన్ని నియమాలు ఉన్నాయి. రెండు పటాలకూ ఒకే కొలమానం ఉండాలి. నెలల వరుస ఒకే విధంగా సాగాలి. ఒక పటంలో ఒక రంగుకు ఉన్న అర్థం మరొక పటంలో మారరాదు. నైటింగేల్ ఈ నియమాలను పాటించింది. వీటిని మీరితే కలిగే ప్రమాదాన్ని మన ప్రాంతపు ఉదాహరణతో గ్రహించవచ్చు. గుంటూరు యార్డులో రెండు సంవత్సరాల మిరప ధరలను రెండు గ్రాఫులుగా గీశామనుకుందాం. నిరుటి గ్రాఫులో నిలువు గీతపై ఒక సెంటీమీటరును క్వింటాలుకు 1,000 రూపాయలుగా, ఈ సంవత్సరపు గ్రాఫులో 500 రూపాయలుగా తీసుకుంటే, పడిపోయిన ధర కూడా పెరిగినట్లు కనిపిస్తుంది. గీతలు అబద్ధమాడలేదు, కొలమానం అబద్ధమాడింది. అదే కొలమానాన్ని సమంగా ఉంచితే రైతుకు జరిగిన నష్టం దాచినా దాగదు. ఒక్కొక్కప్పుడు పక్కపక్కన కాక ఒకదాని కింద ఒకటి ఉంచడం మేలు. పల్నాటి నల్లరేగడిలో నెలనెలా కురిసిన వానను పై గ్రాఫులో, యార్డుకు వచ్చిన పత్తిని కింది గ్రాఫులో ఒకే నెలల వరుసపై నిలిపితే, ఏ నెల వాన ఏ నెల రాబడిని ప్రభావితం చేసిందో కన్ను నిలువుగా దిగి తెలుసుకుంటుంది.

తన పటాలను నైటింగేల్ ఒక్కసారిగా సిద్ధం చేయలేదు. తొలుత గీసిన వాటిలో మరణాల రేటును చక్ర కేంద్రం నుండి కొలిచిన దూరంతో సూచించింది. అయితే మనిషి కన్ను చూసేది దూరాన్ని కాదు, రంగు నిండిన వైశాల్యాన్ని. వ్యాసార్థం 4 రెట్లయితే వైశాల్యం 16 రెట్లవుతుంది. అప్పుడు ఉన్న ఘోరం కంటే అధికమైన ఘోరం కనిపిస్తుంది. తన వాదానికి బలం చేకూర్చేదే అయినా ఆ అతిశయోక్తిని ఆమె అంగీకరించలేదు. రేక వైశాల్యమే మరణాల రేటుకు అనులోమంగా ఉండేటట్లు పటాన్ని తిరిగి గీయించింది. రేటు 4 రెట్లయితే వ్యాసార్థం 2 రెట్లే పెరుగుతుంది. దుఃఖాన్ని చాటడానికి కూడా అసత్యం అవసరం లేదన్నది ఆమె నిష్ఠ.

పక్కపక్కనున్న రెండు పటాలు భేదాన్ని చూపగలవు. భేదానికి కారణమేమిటో అవి తమంతట తాము నిరూపించలేవు. శీతకాలం గడిచిపోవడం వల్ల, ఆహారం మెరుగుపడటం వల్ల మరణాలు తగ్గాయని ప్రత్యర్థులు వాదించవచ్చు. యుద్ధంలో ఇవి సహజమని మరికొందరు అనవచ్చు. నైటింగేల్ ఈ ఆక్షేపణలను ముందే ఊహించింది. అందుకే యుద్ధంతో సంబంధమే లేని మరొక పోలికను సిద్ధం చేసింది. శాంతికాలంలో స్వదేశంలోని శిబిరాలలో నివసించే సైనికుల మరణాలను, అదే వయస్సుగల సాధారణ పౌరుల మరణాలను జంట గీతలుగా గీయించింది. 20 నుండి 25 ఏళ్ళ వయస్సులో సంవత్సరానికి వెయ్యిమంది పౌరులలో 8.4 మంది మరణిస్తే, సైనికులలో 17 మంది మరణిస్తున్నారు. 35 నుండి 40 ఏళ్ళ వారిలో పౌరులు 11.6 మంది అయితే సైనికులు 19.3 మంది. సైన్యంలో చేరేవారు ఆరోగ్యవంతులని పరీక్షించి ఎంపిక చేసినవారు. వారికి యుద్ధం లేదు, ఆకలి లేదు. అయినా నాలుగు వయో విభాగాలలోనూ పొడవైన గీత సైనికునిదే. ఇరుకైన, గాలి ఆడని శిబిరాలే దీనికి మూలమని ఆమె వాదించింది. ఒక పటం లేవనెత్తిన సందేహానికి మరొక పటం సమాధానం చెప్పింది.

ఈ కృషి ఫలించింది. సైనిక శిబిరాలలో నీటి సరఫరా, మురుగు పారుదల, గాలి వెలుతురు మెరుగయ్యాయి. సైన్యానికి ప్రత్యేక వైద్య విద్యాలయం ఏర్పడింది. సైనిక వైద్య గణాంకాలను క్రమపద్ధతిలో నమోదు చేసే శాఖ నెలకొన్నది. 1858లో లండన్ గణాంక శాస్త్ర సంఘం ఆమెను సభ్యురాలిగా ఎన్నుకున్నది. ఆ గౌరవం పొందిన తొలి మహిళ ఆమెయే.

తరువాత ఆమె దృష్టి భారతదేశంపైకి మరలింది. ఇక్కడి బ్రిటిష్ సైన్యం ఆరోగ్యస్థితిని పరిశీలించేందుకు 1859లో రాజాజ్ఞతో ఒక సంఘం ఏర్పడింది. నైటింగేల్ ఒక్కనాడూ భారతభూమిపై అడుగుపెట్టలేదు. కాని ప్రశ్నావళిని రూపొందించి ఇక్కడి సైనిక స్థావరాలకు పంపించి, వచ్చిన సమాధానాలను రాశులుగా ముందుంచుకొని పరిశీలించింది. 1863లో నివేదిక వెలువడింది. ఇక్కడి సైన్యంలో సంవత్సరానికి వెయ్యికి 69 మంది మరణిస్తున్నారని అది తెలిపింది. పారిశుద్ధ్య చర్యల అనంతరం 1873 నాటికి ఆ సంఖ్య 18కి తగ్గింది. సైనికుల లెక్కతో ప్రారంభమైన ఆ పరిశీలన క్రమంగా శిబిరం గోడలు దాటి పల్లెల వైపు సాగింది. ఊరు ఆరోగ్యంగా లేకుండా శిబిరం ఆరోగ్యంగా ఉండలేదని, తిండి లేనివానికి పారిశుద్ధ్యం ఒక్కటే చాలదని ఆమె గుర్తించింది.

మన గుంటూరు ప్రాంతం ఈ సత్యానికి అంతకుముందే సాక్షిగా నిలిచింది. 1832-33 నాటి నందన కరువులో, 5 లక్షల జనాభాగల గుంటూరు సీమలో లక్షన్నర నుండి 2 లక్షల మంది వరకు మరణించారని నాటి అంచనాలు తెలుపుతున్నాయి. కృష్ణానది పక్కనే ప్రవహిస్తున్నా ఆ నీటిని పొలాలకు మళ్ళించే మార్గం లేకపోయింది. సర్ ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో, కెప్టెన్ చార్లెస్ ఆర్ ఆధ్వర్యంలో బెజవాడ వద్ద ఆనకట్ట నిర్మాణం 1855లో పూర్తయింది. స్కుటారిలో మురుగు కాలువలు శుభ్రపడిన సంవత్సరం కూడా అదే. తరువాత 1876-78లో ధాత కరువు మద్రాసు రాజధానిని కబళించి లక్షలాది ప్రాణాలను బలిగొన్నది. కాలువ నీరు పారిన గోదావరి, కృష్ణా డెల్టాలు నిలదొక్కుకున్నాయి. నీరు అందని మెట్టసీమలు అలమటించాయి. నైటింగేల్ కాటన్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు సాగిస్తూ, ఆంగ్ల పత్రికలలో భారతదేశపు కరువును గురించి వ్యాసాలు రాస్తూ, నీటిపారుదలపై వెచ్చించే ధనం వ్యర్థవ్యయం కాదని, అది ప్రాణరక్షణ అని గట్టిగా వాదించింది. తడిసిన నేలను, ఎండిన నేలను పక్కపక్కన నిలిపి చూడమని పాలకులను కోరడమే ఆ వాదంలోని సారం. ఆమె కోరిన నీరు అన్ని పొలాలకూ ఆమె జీవితకాలంలో చేరలేదు. పల్నాడు, ప్రకాశం మెట్ట భూములకు నీటిని మోసుకువచ్చిన నాగార్జునసాగర్ కుడికాలువ ప్రారంభమైనది 1967లో.

రోగిసేవను ఒక విద్యగా తీర్చిదిద్దడం ఆమె సాధించిన మరొక ఘనకార్యం. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె స్థాపించిన శిక్షణాలయం ప్రపంచానికి మార్గదర్శకమైంది. 1907లో ఆమెను ఆర్డర్ ఆఫ్ మెరిట్ పురస్కారంతో గౌరవించారు. ఆ పురస్కారం అందుకున్న మొదటి మహిళ ఆమెయే. 1910 ఆగస్టు 13న 90 ఏళ్ళ వయస్సులో ఆమె కన్నుమూసింది. ప్రముఖులను ఖననం చేసే వెస్ట్‌మినిస్టర్ అబేలో స్థానం కల్పిస్తామన్నా కుటుంబ సభ్యులు సమ్మతించలేదు. ఆమె నిరాడంబర స్వభావానికి తగినట్లు ఈస్ట్ వెల్లో గ్రామంలోని చర్చి ఆవరణలో ఖననం చేశారు. ఆమె జన్మదినమైన మే 12ను ప్రపంచమంతటా నర్సుల దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

నైటింగేల్ గీయించిన చక్రాల జంటకు నూట అరవై ఏళ్ళు దాటాయి. నేడు కంప్యూటరు క్షణంలో పది పటాలను వరుసలుగా పేర్చి ఇవ్వగలదు. కాని ఏ పటం పక్కన ఏ పటాన్ని నిలపాలో, ఏ కొలమానాన్ని వాడాలో, కాలాన్ని ఎక్కడ విభజించాలో నిర్ణయించవలసినది మనిషి వివేకమే. ఆమె లెక్కించినవి అంకెలు కావు, ఆరిపోయిన ప్రాణాలు. ప్రతి నీలిరేక వెనుక ఒక తల్లి కన్నీరు ఉన్నదని ఆమె మరువలేదు. అందుకే ఆ పటంలో అతిశయోక్తికి తావివ్వలేదు, ఉదాసీనతకూ తావివ్వలేదు. చేతిలోని దీపం ఒక గదిలోని రోగులకు వెలుగునిచ్చింది. కాగితంపై ఆమె వెలిగించిన దీపం, ఆమె ఎన్నడూ చూడని మనుషుల ప్రాణాలను సైతం కాపాడింది.

ప్రశ్నలు

1. స్కుటారి ఆసుపత్రిలో మరణాలు పెరగడానికి, తరువాత తగ్గడానికి గల కారణాలను వివరించండి.
2. మరణాల సంఖ్యలను నైటింగేల్ రేటులోకి ఎందుకు మార్చింది?
3. రెండు పటాలను పక్కపక్కన నిలిపేటప్పుడు పాటించవలసిన నియమాలను ఉదాహరణతో తెలపండి.
4. సైనికులను, పౌరులను పోల్చిన జంట గీతల పటం ఏ సందేహానికి సమాధానం చెప్పింది?
5. గుంటూరు ప్రాంతపు కరువుకు, నైటింగేల్ భావాలకు గల సంబంధాన్ని చర్చించండి.
6. మీ మండలంలో రెండు సంవత్సరాల నెలవారీ వర్షపాత వివరాలను సేకరించి, ఒకే కొలమానంతో రెండు గ్రాఫులను పక్కపక్కన గీసి, మీరు గమనించిన అంశాలను పది వాక్యాలలో రాయండి.